యాభై నిండని చెయ్యి

మిన్నెసోటా ఉత్తరాన ఆ చిన్న ఊళ్ళో ఉన్న ఒకే ఒక మందుల షాపు ఐనర్ హోల్మ్‌బెర్గ్‌ది. అంతకంటే ముఖ్యంగా, అతను ఊరి కర్లింగ్ జట్టుకి, అంటే మంచు మీద బరువైన రాళ్ళు జార్చే ఆట జట్టుకి, కెప్టెన్. యాభై నిండినవాళ్ళు ఆడే కప్పు రెండేళ్ళుగా పక్క ఊరికే పోతోంది. కారణం ఆ ఊరి ఆటగాడు డ్వేన్ పెట్రిచ్. అతను మంచు మీద రాయి వదిలితే అనుకున్న చోటే ఆగుతుంది. తలంతా నెరిసిపోయింది గానీ, కుర్రాడిలా వంగుతాడు.

ఫైనల్ మూడు వారాలుందనగా ఆ జట్టు నలుగురూ షాపులోకి దిగారు.

"అందరికీ సర్పి టీకా పొడిచెయ్ ఐనర్," అన్నాడు వాళ్ళ కెప్టెన్ వెర్న్. "పోయినేడు నడుం చుట్టూ పొక్కులు లేచి నరకం చూశాను. టీకా వేయించుకోనివాడు నా జట్టులో ఉండడు."

"రెండ్రోజులు చెయ్యి లాగేస్తుంది మరి."

"నీ మీద గెలవడానికి ఒక చెయ్యి చాల్లే!"

ముగ్గురికి వేయడం అయింది. డ్వేన్ ఒక్కడే టీకా గదిలోకి వచ్చి, తలుపు మూసి, డ్రైవింగ్ లైసెన్సు బల్ల మీద బోర్లించాడు. ఐనర్ తిప్పి చూశాడు. పుట్టిన తేదీ రెండుసార్లు చదివాడు.

నలభై ఎనిమిది!

డాక్టర్ చీటీ లేకుండా షాపులో ఆ టీకా యాభై నిండినవాళ్ళకే వేయాలి. కప్పుకీ అదే వయసు.

"ఖాళీ సూదైనా గుచ్చు. పోనీ ఉత్త పట్టీ అంటించు," బతిమాలాడు డ్వేన్.

"కుదరదు."

"బయట చెప్పేస్తావా?"

రెండు కప్పులు ఐనర్ కళ్ళ ముందు మెరిశాయి. అరిచి చెప్పాలని నాలుక దురద పెట్టింది. కానీ ఈ గదిలో తెలిసింది గది దాటిందా, తన మందుల షాపు లైసెన్సు పోతుంది.

"చెప్పను," అన్నాడు పళ్ళు బిగించి.

బయట వెర్న్ ఎదురొచ్చి, పట్టీ లేని డ్వేన్ చెయ్యి చూశాడు. "ఏం, వీడికి వేయలేదా?"

"వేయకూడదు."

"ఎందుకని?"

"చెప్పకూడదు."

షాపులో ఉన్నవాళ్ళంతా చెవులు రిక్కించారు. డ్వేన్ నోరు తెరిచాడు, వెర్న్ మొహం చూశాడు, తల దించుకున్నాడు. అంతే, పని పూర్తయింది. సాయంత్రానికల్లా రెండు ఊళ్ళలోనూ ఒకటే మాట: పాపం డ్వేన్‌కి సూది కూడా తట్టుకోలేని జబ్బు! మర్నాడు, రోగుల ఇంటికి వంట పంపే అక్కడి అలవాటు ప్రకారం, ఏడు ఇళ్ళ నుంచి అతనికి బంగాళదుంపల హాట్‌డిష్ వెళ్ళింది. వాటిలో ఒకటి ఐనర్ భార్య వండినదే.

ఫైనల్లో ఆఖరి రాయి ఐనర్ చేతికొచ్చింది. మధ్య వలయంలో ఆగితే కప్పు తమదే. కాస్త మెత్తగా వదిలాడు. రాయికి ముందు నడిచే తన జట్టువాళ్ళిద్దరూ చీపుళ్ళతో మంచు రుద్దితే రాయి ఇంకో రెండు గజాలు జారుతుంది.

"రుద్దండి! రుద్దండిరా!"

మైలో, రెండోవాడూ టోపీలు తీసి, చీపుళ్ళు గుండెలకి ఆనించుకుని నిలబడ్డారు. రాయి మధ్య వలయానికి జానెడు దూరంలో ఆగిపోయింది.

"ఏం పనిరా ఇది, మైలో?"

"అతనికి ఇదే ఆఖరి కప్పేమో ఐనర్!" మైలో ముక్కు చీదాడు. "అంతా తెలిసిన నువ్వే రుద్దమని అరుస్తావా? నీకసలు గుండె ఉందా?"

హాలంతా ఏడుస్తోంది. కప్పు పట్టుకుని డ్వేన్ కూడా ఏడుస్తున్నాడు. కళ్ళు పొడిగా ఉన్నది ఐనర్ ఒక్కడికే. అందరూ అతన్ని అసహ్యంగా చూశారు.

చెయ్యి కలపడానికి వచ్చిన డ్వేన్, ఐనర్ చెవి దగ్గరికి వంగాడు. "నిజం చెప్పేద్దామనే అనుకున్నా. ఎవరూ నన్ను నోరు విప్పనివ్వడం లేదు. వచ్చే ఏడాది నవంబరుకి నాకు యాభై. అప్పుడు వేస్తావుగా?"

"తప్పకుండా," అన్నాడు ఐనర్, చెయ్యి వదలకుండా. "రెండు డోసులు. మొదటిది నీ పుట్టినరోజున. రెండోది ఫైనల్ ముందు రోజున, రాయి వదిలే చేతికి."