స్టాండు లైటు పెద్దదానికి

అల్లూరులో ఆ ఇంటి తోడికోడళ్ళిద్దరూ మాట్లాడుకోక ఏడాదవుతోంది. కారణం ఒక స్టాండు లైటు. వినేవాళ్ళకు నవ్వొస్తే రావచ్చు గానీ, కెజియాకు మాత్రం దాని ఊసెత్తితే ఒళ్ళు మండేది.

అదేమీ అల్లాటప్పా లైటు కాదు. మనిషెత్తు టేకు కర్ర, అడుగున బరువైన ఇత్తడి దిమ్మె, పైన గుడ్డ గొడుగు. మిషను బంగళా ఖాళీ చేసేటప్పుడు దొరసాని తనకు వండిపెట్టిన పరంజ్యోతమ్మకు ఇచ్చి వెళ్ళిందట. పరంజ్యోతమ్మ కెజియాకు అత్తగారు. గొడుగు గుడ్డ చినిగితే ఇంట్లో ఉన్న పూలగుడ్డ కత్తిరించి తానే కుట్టుకుంది. సాయంత్రం ప్రార్థనలో ఆ లైటు పక్క కుర్చీ ఎవరిదో, ఆ ఇంటికి పెద్దరికం వాళ్ళది.

ఆవిడ పోయిన రోజు కొడుకులిద్దరూ రొయ్యల గుంటల దగ్గరున్నారు. మంచం పక్కన ఉన్నది కోడళ్ళే. "స్టాండు లైటు పెద్దదానికి ఇవ్వండి" అన్నదావిడ. ఆ తర్వాత ఇంకో మాట లేదు.

పెద్దది ఎవరు? తంటా అంతా ఇక్కడే వచ్చింది. కెజియా భర్త టైటస్ పెద్దకొడుకు, కాబట్టి ఆమె పెద్దకోడలు. అయితే టైటస్ పెళ్ళి ఆలస్యమై, తమ్ముడు సుశీల్ కుమార్ పెళ్ళి ముందు జరిగింది. అతని భార్య అబిగయీలు ఇంట్లో ముందు అడుగుపెట్టింది, వయసులోనూ పెద్దది. కాపురానికి వచ్చిన నాటి నుంచి కెజియాను అక్కా అని పిలిచిన పాపాన పోలేదు. "ఏమ్మే" అనేది, అదీ నలుగురిలో. నిజం చెప్పాలంటే కెజియాకు కావలసింది లైటు కాదు, ఆ పిలుపు. లైటు తన గదికి వస్తే ఆ మహాతల్లి నోరు అక్కా అనక చస్తుందా అని ఆమె ఆశ.

ఏడాదిగా లైటు నడవలోనే ఉంది. పొద్దున ఒకరు తుడిస్తే, అవతలి చెయ్యి పడిందని సాయంత్రం ఇంకొకరు మళ్ళీ తుడిచేవారు. ఆ ఇత్తడి అంతలా మెరిసింది ఆ ఏడాదే.

అత్తగారు పోయి ఏడాదైన జ్ఞాపకార్థ కూటం నాటికి అబిగయీలు నెల్లూరు వెళ్ళి కొత్తరకం స్టాండు లైటు కొనుక్కొచ్చింది. మూడు సన్నని కాళ్ళు, వంగిన మెడ, రిమోట్ నొక్కితే తెల్లగా, పచ్చగా, ఎర్రగా మారే వెలుగు. దాన్ని ప్రార్థన నడిపే పాస్టరు అయ్యగారి కుర్చీ పక్కన నిలబెట్టి, పాతదాన్ని చెప్పులు విడిచే మూలకు ఈడ్చింది. కెజియా చూసింది. కొత్తదాని ప్లగ్గు పీకి, పాతదాన్ని తెచ్చి దాని చోట పెట్టింది. చాపల మీద కూర్చున్న చుట్టాలు పాటల పుస్తకాలు తెరిచి, అందులోకి తలలు దించారు.

"అంత కుళ్ళు పనికిరాదు మే" అంది అబిగయీలు. అత్త పెద్దదన్నది తననేనని, ఈ ఇంటి గడప ముందు తొక్కింది తానేనని అందరికీ వినబడేలా చెప్పుకుపోయింది. కెజియా ఊరుకుంటుందా? ముందు వచ్చినంత మాత్రాన చిన్నకోడలు పెద్దకోడలైపోదని ముఖం మీదే అన్నది. ఇద్దరి చేతులూ టేకు కర్ర మీదే ఉన్నాయి. అయ్యగారు గొంతు సవరించుకున్నారు.

అప్పుడు గేటు చప్పుడైంది. పక్కింటి ముసలావిడ ఆదిశేషమ్మ అరుగు మీదినుంచి లేచి, కళ్ళు చికిలించి చూసింది.

"ఏమే పెద్దదానా, ఇన్నేళ్ళకా వచ్చేది?" అంది.

గేటు దగ్గర ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ఎండకు కమిలిన ముఖం, చేతిలో చెప్పులు. పరంజ్యోతమ్మ పెద్దకూతురు ఎస్తేరమ్మ. విడవలూరు పక్కన చేపలు పట్టే వెంకయ్యను చేసుకుని వెళ్ళిపోయాక, ఆ ఇంట్లో ఆమె పేరు ఎత్తడానికి లేకుండా చేశారు. కోడళ్ళిద్దరూ ఆ తర్వాత వచ్చినవాళ్ళే. ఆమెను తల్లి ఏమని పిలిచేదో వాళ్ళకెలా తెలుస్తుంది?

టైటస్‌కు తెలుసు. కెజియా అతని వైపు చూసింది. అతను చాప అంచు పీకుతున్నాడు. ఏడాది పాటు పెళ్ళాం, మరదలు కొట్టుకుంటుంటే కిక్కురుమనని మనిషి, ఇప్పుడు మాత్రం తల ఎత్తుతాడా?

ఎస్తేరమ్మ లోపలికి వచ్చి లైటు ముందు ఆగింది. గొడుగు అంచు వేళ్ళతో తడిమింది.

"నా పావడా గుడ్డ ఇది," అంది. "ఇంకా ఉంచుకున్నిందే." తర్వాత కోడళ్ళ వైపు తిరిగింది. "అమ్మ పొయ్యేటప్పుడు నన్నేమన్నా తలుచుకున్నిందా?"

పెద్దదానికి అన్న మాట ఎవరి గురించో కెజియాకు ఇప్పుడర్థమైంది. ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా. కానీ లైటు ఈమె చేతికి వెళితే, తనకేం మిగులుతుంది?

"లేదు వదినా," అంది.

"లైటు మాత్రం పెద్దదానికి ఇమ్మన్నింది," అబిగయీలు వెంటనే అందుకుంది. కర్ర మీద పట్టు వదిలేసి కెజియా భుజం మీద చెయ్యి వేసింది. "అంటే మా అక్కకి. ఏం అక్కా?"

అక్కా. కెజియా తల ఊపింది.

ఎస్తేరమ్మ గొడుగు మీద నుంచి చెయ్యి తీసి, వెనక గోడ వారగా వెళ్ళి చాప లేనిచోట కూర్చుంది. అయ్యగారు లైటు వేయమన్నారు. కెజియా స్విచ్చి నొక్కింది. పావడా పూలు ఎర్రగా వెలిగి, వాటి రంగు ఆమె చేతుల మీద పడింది. ఆమెకు తన చేతులంటేనే అసహ్యం పుట్టింది.

"కూచో అక్కా," అబిగయీలు ముద్దుగా కుర్చీ జరిపింది.

కెజియా కూర్చోలేదు.

"నన్నట్లా పిలవబాకు," అంది.