సీతారత్నంగారి చిప్ప

కోత పండుగ ఇంకా వారముందనగా నతానియేలు గోనెసంచి భుజాన వేసుకుని ఊరి మీద పడేవాడు. పటాలంలో హవల్దారుగా చేసి వచ్చిన మనిషి. చర్చి కప్పుకి డబ్బులు పోగెయ్యాలని, పండుగనాడు గుమ్మడికాయలూ కోడిపుంజులూ వేలం పాడే పందిరి పక్కనే గాలి తుపాకీ ఆట పెట్టేవాడు. మీలో ఆ తుపాకీ పేల్చినవాళ్లు ఉండే ఉంటారు, నవ్వకండి.

ఏది కొట్టించాలో ఏరుకోవడం ఆషామాషీ పని కాదు. సొన ఊదేసిన గుడ్డు డొల్లలు దారాలకి వేలాడదీస్తే పిల్లలకి సంబరం. రాలిపోయిన కొబ్బరి పిందెలు, ఖాళీ అగ్గిపెట్టెలు, అంచు విరిగిన ప్రమిదలు, అన్నీ పనికొచ్చేవే. సీసా మాత్రం వద్దనేవాడు, పెంకు చెప్పుల్లేని కాళ్లలో దిగుతుందని. రాయీ ఇనుమూ అయితే సరేసరి, గుండు తిరిగొచ్చి కన్ను తీస్తుంది. వెనకాల రెండు వరసల ఊక బస్తాలు, ఆ వెనక కాలవ గట్టు. ముందర కొబ్బరి తాడు. తాడు దాటేరా, ఆట బందు.

అన్నిటికంటే గిరాకీ కొబ్బరి చిప్పలకి. ఎందుకో మీకు నేను చెప్పక్కర్లేదు. కొబ్బరి కోరేటప్పుడు పక్కన అన్న మాట చిప్పలో ఉండిపోతుంది కదా, గుండు తగిలి చిప్ప పగిలితే ఆ మాట అదే గొంతుతో బయటికొస్తుంది. పాస్టరు కృపానందం అయ్యగారింటి చిప్ప కొడితే ప్రార్థన వచ్చేది, పిల్లలు ఆవలించేవారు. జయమ్మగారింటిది కొడితే, "పులుసులో ఉప్పెక్కువైంది, మాటాడకుండా వడ్డించెయ్యి" అనేది, జనం పడీ పడీ నవ్వేవారు. అందుకే నతానియేలు ఇల్లాలిని అడక్కుండా చిప్ప ముట్టేవాడు కాదు. దెబ్బలాడుకునే ఇళ్ల గడప అసలే తొక్కేవాడు కాదు.

ఎనభై తొమ్మిదిలో మాత్రం అతని మనసు చిప్పల మీద లేదు. మూడేళ్ల కిందట గోదారి పొంగి లంక పక్క పొలాల్లో మోకాలెత్తు ఒండ్రు వేసింది. హద్దురాళ్లన్నీ పూడిపోయేయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ నతానియేలు ఇంటి వెనక్కి ఎలా వచ్చిందో ఎవరికీ తెలీదు. దాన్నిబట్టి కొలిస్తే ఇల్లూ పన్నెండు కొబ్బరిచెట్లూ పక్క కమతం దొరబాబువని తేలింది. కోర్టూ అదే అంది. ఆదివారం పండుగ, మంగళవారం కోర్టు అమీనా వచ్చి ఇల్లు ఖాళీ చేయిస్తాడు. ప్రభువు చూస్తూనే ఉన్నాడు గానీ, ఆయనకి మనలాగ తొందరుండదు.

శుక్రవారంనాడు దొరబాబు మోటారుసైకిల్ దిగి, సోడా సీసాల బుట్ట నతానియేలు కాళ్ల దగ్గర పెట్టించేడు.

"ఏరా హవల్దారూ, ఇదే ఆఖరి పండగంట కదా నీకు. ఇవి కొట్టించు, చప్పుడు బాగుంటది."

"సీసాలు పెట్టనండి. పిల్లలుంటారు."

"మా ఇంటి సామానంటే అంత అలుసా?"

"మీ ఇల్లని కాదండి. సీసా అనండి."

"అయితే మా చిప్పలు పట్టికెళ్లు. ఊరందరివీ తెస్తావు, మావి తేవేం? మా ఇంటి చిప్ప అంటరానిదా నీకు?"

ఆ మాట ఆ నోటినుంచి వినవలసి వచ్చినందుకు నతానియేలు చెవులు ఎర్రబడ్డాయి. అతని తాత ఆ ఇంటి పెరట్లో దోసిలి పట్టి నీళ్లు తాగిన మనిషి.

"అమ్మగారు ఇస్తే తెస్తానండి," అన్నాడు.

"ఇవ్వక ఏం చేస్తదీ!" అని నవ్వేడు దొరబాబు. ఆ ఇంటి మగాళ్లు వంటింట్లో ఏముందో ఎరిగినవాళ్లు కారు.

నతానియేలు వెళ్లేసరికి పెరటి గుమ్మంలో దొరబాబు భార్య సీతారత్నం నిలబడి ఉంది. అటక మీంచి ఒకే ఒక్క చిప్ప తీసి ఇచ్చింది. పొగ పట్టి నల్లగా ఉంది.

"వరదలప్పటిదండి ఇది. ఆయనగారు వంటింట్లోకొచ్చింది అదొక్కసారే," అంది.

"ఇందులో ఏముందమ్మగారూ?"

"ఆయన చేతే కొట్టించండి," అని తలుపేసేసింది.

ఇంటికొచ్చేక మార్తమ్మ మొగుణ్ని దులిపేసింది. "ఆళ్ల చిప్పా? బూతులుంటాయి, పండగనాడు మనల్నే తిట్టిస్తారు. పారెయ్యండి అవతల!"

"ఆవిడ చెయ్యి వణకలేదు మార్తా," అన్నాడు నతానియేలు. ఆ రాత్రి ప్రార్థనలో చిప్పని పక్కనే పెట్టుకున్నాడు.

పండుగనాడు దొరబాబు జనాన్ని తోసుకుంటూ వచ్చి తుపాకీ అందుకున్నాడు. గురి గలవాడే. గుడ్డు డొల్లలు నాలుగు వరసగా రాల్చేడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అది చూసి ఒళ్లు మండి, గుండు నింపిన తుపాకీ పట్టుకునే నతానియేలు వైపు తిరిగేడు.

"నిన్ను కొడితే ఏం మాట వస్తదిరా?"

నతానియేలు గొట్టం పట్టుకుని నేలకి వంచేడు. "మూతి కిందికండి. తాడు దగ్గర మీకూ నాకూ ఒకటే రూలు."

"మంగళవారం చెప్తాను నీ రూలు!"

"ఆయ్. ముందు ఆ నల్ల చిప్ప కొట్టండి. మీ ఇంటిదే."

దొరబాబు కొట్టేడు. చిప్ప రెండు ముక్కలైంది. ముందు కొబ్బరి కోరుతున్న గరగర, దాని మీద దొరబాబు గొంతు.

"నోర్ముయ్! రాయి నేనూ మన పాలేరు వీరబాబూ పీకి ఆళ్ల ఇంటెనకాల పాతేం. పాత గోతి మీద అరటి పిలక నాటేం. ఎవడు తవ్వుతాడు?"

"పిల్లలున్న ఇల్లండి అది."

"ఉంటే? నువ్వు కొబ్బరి కోరుకో."

గరగర కాసేపు సాగి ఆగిపోయింది.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. గుమ్మడికాయ వేలం పాడుతున్న సర్వేయరు సుందరరావు పాట ఆపేసి, "ఏ అరటి బోదెండీ?" అని మాత్రం అడిగేడు. దొరబాబు తుపాకీ కింద పడేసి, మోటారుసైకిల్ కూడా మర్చిపోయి నడిచి వెళ్లిపోయేడు.

హద్దురాయి పాతేటప్పుడు అడుగున బొగ్గులు పోస్తారు మనవాళ్లు. రాయిని పీకొచ్చు గానీ, మట్టిలో కలిసిన బొగ్గుల్ని ఏరేదెవరు? సోమవారం పొద్దున్న పదిమంది చూస్తుండగా పొలంలో ఒంటరిగా ఉన్న అరటి బోదె తవ్వితే, నతానియేలు ఇంటికి అరవై అడుగులవతల, దొరబాబు కమతం వైపు, దోసెడు బొగ్గులు బయటపడ్డాయి. సుందరరావు కాగితం రాసుకుని ఆ పూటే అమలాపురం కోర్టుకి బస్సెక్కేడు. మంగళవారం ఎవరూ రాలేదు. మార్తమ్మ మూటలు విప్పి గిన్నెలు మళ్లీ గూట్లో సర్దింది.

మరుసటేడు పండుగకి నతానియేలు సంచితో ఆ పెరటి గుమ్మం దగ్గరికే వెళ్లేడు. వసారాలో దొరబాబు కూర్చుని ఉన్నాడు. ఇతన్ని చూసి నోరు తెరిచేడు. అప్పుడే సీతారత్నం కొబ్బరి కోరాం ముందు పీట వాల్చుకుని కాయ కొట్టింది. దొరబాబు ఆ చిప్ప వంక చూసి నోరు మూసుకున్నాడు.

ఆవిడ సంచి నిండా చిప్పలు పోసింది. "అన్నీ కొట్టించండి. భయం లేదు," అంది.

పండుగనాడు ఒక్కొక్కటే కొట్టించేడు. ఏ చిప్పలోనూ ఒక్క తిట్టు లేదు. గరగరమని కోరిన చప్పుడే. ఆఖరి చిప్ప పగిలినప్పుడు మాత్రం, ఆ గరగర మీద సన్నగా సీతారత్నం కూనిరాగం వినిపించింది. తాడు దగ్గర నిలబడ్డ నతానియేలు టోపీ తీసేడు.