బజారులో తీసిన నెత్తురు

ఈ పాపం మీదే. రాజధానిలో ఫ్యాను కింద కూర్చుని, చేపలమ్మే ఆడవాళ్ళ వేళ్ళు పొడిచి తీసిన నెత్తుటితో వాళ్ళ కొడుకుల బతుకు లెక్కకట్టారే, మీదే. వందకి ఇద్దరికే ప్రమాదం అన్నారు. మీరు లెక్కపెట్టినవాళ్ళలో ఒక్క మగాడూ లేడని మీకు తట్టలేదు. తట్టినవాడు కూడా, రిపోర్టు అచ్చయిపోయింది కదా అని నోరు మూసుకున్నాడు.

హిల్డా మాయెలాలో అనే మనిషికి మాత్రం నోరు మూసుకునే వీలు లేకపోయింది. ఆమె అక్క రోజీనా పెద్దకొడుకు సిరిల్ ఆరోగ్య కేంద్రం మంచం మీద పసుపుపచ్చ కళ్ళతో పడున్నాడు. మంచం కింద సీసాలో వాడి మూత్రం, కాచి కాచి మాడ్చిన టీ రంగులో.

మలైటా దీవికి ఉత్తరాన, లగూన్ అనే లోతు తక్కువ సముద్రపు మడుగులో వాళ్ళ తాతలు పగడపు రాళ్ళు పేర్చి కట్టుకున్న దిబ్బల మీదే ఈనాటికీ సముద్రంవాళ్ళు కాపురముంటారు. హిల్డాదీ అలాంటి దిబ్బే. సువా నగరంలో ల్యాబ్ చదువు చదివి, ఒడ్డున ఉన్న ఆరోగ్య కేంద్రంలో పదిహేనేళ్ళుగా నెత్తురు పరీక్షలు చేస్తోంది.

"ఎప్పట్నుంచిరా ఇలా?" అని అడిగింది వాణ్ణి.

సిరిల్ గోడవైపు తిరిగాడు. "మొన్నట్నుంచి."

"మొన్నట్నుంచి చెప్పకుండా ఏం చేస్తున్నావు?"

"నీకెలా చెప్పను పిన్నీ?"

నిజమే. మూత్రం సంగతి అమ్మముందు, పిన్నిముందు ఎత్తితే ఇక్కడ మగాడి పరువు పోతుంది. పరువు కోసం రెండు రోజులు దాచాడు. కాళ్ళు తేలిపోయి దోనెలో కూలబడ్డాకే తోటివాళ్ళు మోసుకొచ్చారు.

వాడు మింగిన మలేరియా మాత్ర చెడ్డదేం కాదు. మలేరియా పురుగు నెత్తుట్లో చచ్చినా కాలేయంలో నక్కి ఉంటుంది, రెండు నెలలకోసారి లేచి మళ్ళీ మనిషిని పడగొడుతుంది. దాన్ని నక్కినచోటే చంపే మాత్ర అది. హిల్డాకి మాత్ర మీద కోపం లేదు. కానీ కొందరి నెత్తుట్లో పుట్టుకతోనే ఒక ఎంజైము చాలదు. వాళ్ళు ఆ మాత్ర మింగితే ఎర్రకణాలు పగిలిపోతాయి, కళ్ళు పచ్చబడతాయి, మూత్రం నల్లబడుతుంది. అందుకని ముందు పరీక్ష చెయ్యాలి. కాగితం మీద నెత్తుటి చుక్క వేసి, మందు కలిపి, నీలి దీపం కింద పెడితే మంచి చుక్క మెరుస్తుంది. ఎంజైము లేని చుక్క నల్లగా ఉండిపోతుంది.

మాత్రలు పంచేముందు ఎంతమందికి ప్రమాదమో చూసే సర్వే చేసినప్పుడు ఆ పరీక్షలు చేసింది హిల్డానే. బజారు రోజైతే జనం ఒక్కచోట దొరుకుతారని రాజధానివాళ్ళు బజారులో బల్ల వేశారు. అక్కడ దొరికేది ఆడవాళ్ళే. సముద్రపు ఆడవాళ్ళు చేపలు తెస్తారు, కొండ ఆడవాళ్ళు చేమదుంపలు తెస్తారు, మార్చుకుంటారు. మగవాళ్ళు ఒడ్డున దోనెల్లో కూర్చుని వక్క నములుతుంటారు. వెనకటి రోజుల్లో ఈటెలు పట్టుకుని కాపలా కాసేవాళ్ళట. ఈటెలు పోయాయి, కూర్చోవడం మిగిలింది. మగాడు బజారు నేల తొక్కితే నలుగురూ నవ్వుతారు.

"మగవాళ్ళ సంగతేంటి?" అని హిల్డా ఆరోజే అడిగింది. వాళ్ళకి విడిగా చేస్తాం, పరీక్ష అయ్యాకే మాత్ర అన్నారు. నమ్మింది. నమ్మకుండా ఎలా ఉంటుంది, అడిగినదానికి మాట ఇచ్చారు కదా. ఆ విడిగా అనేది రాలేదు. మాత్రలే వచ్చాయి. లగూన్ దక్షిణపు కొస నుంచి పంచుకుంటూ వస్తున్నారు. సిరిల్ వలలతో అటు వెళ్ళి, అక్కడి వరసలో నిలబడి మింగాడు.

ఆ మధ్యాహ్నమే డెస్మండ్ పికో మోటారు బోటులో దిగాడు, మాత్రల పెట్టెలతో. పశ్చిమ దీవులవాడు. సువాలో హిల్డా పక్క బెంచీ. ఇప్పుడు ఈ పంపకానికి అధికారి. మర్నాడు రాతిదిబ్బల వంతు.

హిల్డా వాణ్ణి మంచం దగ్గరికి లాక్కెళ్ళి సీసా చూపించింది.

డెస్మండ్ సీసా ఎత్తి వెలుతురుకి పట్టాడు. "బాధే. కానీ వందకి ఇద్దరికి ఇలా అవుతుందని ముందే అనుకున్నాం కదా, హిల్డా."

"వందకి ఇద్దరంటే ఎవరు?"

"జనం."

"ఏ జనం? బజారు జనం. రెండొందల మంది ఆడవాళ్ళు, నాలుగు నల్లచుక్కలు. దాన్ని తీసుకెళ్ళి మగాళ్ళకి తగిలించారు."

వరండాలోకి వచ్చి, ఒక పెట్టె తిరగేసి, దాని అడుగున మార్కరుతో గీయడం మొదలుపెట్టింది. అప్పటికే రోజీనా, చేపల అగస్టా, ఇంకో నలుగురు ఆడవాళ్ళు మెట్ల మీద చేరారు.

"ఈ జన్యువు ఆడదానికి రెండు ప్రతులు. అమ్మదొకటి, నాన్నదొకటి. రెండూ చెడితేనే చుక్క నల్లగా ఉంటుంది. ఒకటి మంచిదైతే ఎంతో కొంత మెరుస్తుంది, మనం బాగుందని రాసేస్తాం. మగాడికి ఒకటే ప్రతి. అమ్మ ఇచ్చింది. అది చెడిందా, అయిపోయింది."

"నాకు చెప్తున్నావా? ఈ పాఠం మీద పరీక్ష పక్కపక్కన కూర్చుని రాశాం."

"రాశాం. నీకు నాకంటే మార్కులెక్కువ. అందుకే ఒళ్ళు మండుతోంది."

మెట్ల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. హిల్డా ఆగలేదు.

"ఆ నాలుగు చుక్కలవాళ్ళకి కబురు చెప్పడానికి దోనె వేసుకుని తిరిగింది నేను. నలుగురూ సముద్రంవాళ్ళే. కొండవాళ్ళ వందమందిలో ఒక్కటీ లేదు. పైన చలి, దోమ తక్కువ, మలేరియా తక్కువ. మలేరియా ఉన్నచోటే ఈ జన్యువు తరాల తరబడి నిలిచింది. నువ్వు సముద్రం వందనీ కొండ వందనీ ఒకే కుండలో పోసి కలిపావు. కొండవాళ్ళు మాకు పిల్లనివ్వరు, మేం వాళ్ళకివ్వం. చేపలు పట్టుకుపోతారు, దుంపలు పడేసి పోతారు. నెత్తురు కలవని రెండు జనాలు ఒకే జనమని నీకెవరు చెప్పారు?"

"కొండ అల్లుడా?" అంది అగస్టా. "స్నానానికి దింపితే మునిగిపోతాడు నాయనా. మళ్ళీ వాడి కోసం మనం వల వెయ్యాలి."

డెస్మండ్ నవ్వలేదు. మార్కరు తీసుకుని తనే లెక్క వేశాడు. సముద్రపు ఆడవాళ్ళు వందకి నలుగురు, అంటే ఇరవై ఐదింట ఒకరు. రెండు చెడ్డ ప్రతులు ఒక్కరిలో కలవాలంటే ఐదింట ఒకటి, అందులో మళ్ళీ ఐదింట ఒకటి. కాబట్టి లగూన్‌లో ప్రతి ఐదు ప్రతుల్లో ఒకటి చెడ్డది. మగాడి దగ్గర ఉన్నదే ఒకటి. ఐదుగురిలో ఒకడు.

"ఒకటి మంచిదీ ఒకటి చెడ్డదీ ఉన్న ఆడవాళ్ళు?" అని అడిగింది హిల్డా. చెప్పక తప్పదన్నట్టు నిలబడింది.

"వందకి ముప్ఫై ఇద్దరు."

"వాళ్ళు నీ రిపోర్టులో ఏమని ఉన్నారు?"

"ఆరోగ్యవంతులని."

"వాళ్ళ కొడుకుల్లో సగంమందికి వస్తుంది."

డెస్మండ్ మార్కరు మూత పెట్టాడు. "నాలుగు చుక్కలు హిల్డా. నాలుగు చుక్కల మీద ఇంత మేడ కడతావా? అవి రెండై ఉండొచ్చు, ఏడై ఉండొచ్చు."

"ఉండొచ్చు. రెండైతే ఏడుగురు మగాళ్ళలో ఒకడు. ఏడైతే నలుగురిలో ఒకడు. నీ యాభైమందిలో ఒకడు ఎక్కడొస్తాడో చూపించు."

డెస్మండ్ పెట్టె అడుగున ఉన్న అంకెల్ని వేలితో మళ్ళీ లెక్కపెట్టాడు.

"పోనీ శాతాలు వదిలెయ్. ఇదిగో మా అక్క. ఆ నాలుగు చుక్కల్లో ఒకటి ఈవిడది. కొడుకులకి ఇవ్వడానికి ఈవిడ దగ్గర మంచి ప్రతే లేదు. ముగ్గురికీ చెడ్డదే వచ్చింది. ఒకడు లోపలున్నాడు. మిగతా ఇద్దరి చేతిలో రేపు నువ్వు మాత్ర పెడతావు."

రోజీనా మెట్టు మీంచి లేచింది. "అంటే వాడికి నేనిచ్చానా?" అంది.

"నువ్వివ్వలేదక్కా. మాత్ర ఇచ్చినవాళ్ళిచ్చారు."

రాజధానివాళ్ళతో మాట్లాడటానికి డెస్మండ్ ఫోను పట్టుకుని, సిగ్నలు కోసం రేవు చివరికి నడిచాడు. తిరిగొచ్చేసరికి మొహంలో కళ లేదు. "నీ లెక్క తప్పు కాదు. అదే చెప్పాను."

"ఏమన్నారు?"

"వందకి ఇద్దరన్నది ఆమోదమైపోయిందట. దాన్ని బట్టే పరీక్ష సామాను తెప్పించలేదు. మాత్రల గడువు ఈ నెలాఖరు. మార్చాలంటే కమిటీ కూర్చోవాలి."

"ఎప్పుడు కూర్చుంటుంది?"

"వచ్చే నెల."

హిల్డాకి అరవాలనిపించింది. అరవడానికి ఎదురుగా ఉన్నది డెస్మండ్ ఒక్కడే, వాడు ఒప్పుకునేశాడు. ఒప్పుకున్నవాడితో పోట్లాడటం ఇసకని గుద్దడంలా ఉంది. తప్పని వీడన్నాడా, అన్నాడు. పైవాళ్ళు ఆపుతారా, ఆపరు. ఇంక ఎవడి కాలరు పట్టుకోవాలి?

"రోజీనా కొడుకులిద్దరికీ ఇవ్వను, నా మాట," అన్నాడు డెస్మండ్ మెల్లగా.

"మిగతావాళ్ళు ఎవరి అక్క కొడుకులు?"

వాడు సంచీ సర్దుకున్నాడు.

మర్నాడు బజారు. హిల్డా కేంద్రంలో మిగిలిన పరీక్ష మందు చూసుకుంది. ముప్ఫైమందికి వస్తుంది, పొదుపుగా వాడితే. నీలి దీపం, ఒక టార్పాలిన్ పట్టుకుని రేవుకి నడిచింది. చేపల బుట్టల మధ్య నిలబడి ఆడవాళ్ళతో సంగతి చెప్పింది, చుట్టూ తిప్పకుండా. మీ నెత్తురు చూసి మీ మగవాళ్ళు బాగున్నారని రాశారు. మీ కొడుకుల్ని ఇక్కడికి రప్పించండి, నేల మీదికి.

"బజారులోకా?" అంది ఒకామె. "మా ఆయన చస్తే రాడు."

"రాకపోతే చస్తాడు," అంది అగస్టా. గట్టు మీదికెళ్ళి దోనెలవైపు కేకేసింది. "ఇవాళ మా నెత్తురు సరిపోలేదట. మీది కావాలట. దిగండి. దిగనివాడికి సాయంత్రం కూడు లేదు."

దోనెల్లో నవ్వులు. ఎవరూ కదల్లేదు. రోజీనా నడుములోతు నీళ్ళలోకి దిగి, తన కొడుకులున్న దోనె అంచు పట్టుకుంది. ఏమందో ఒడ్డుకి వినిపించలేదు. ఇద్దరూ తలలు వంచుకుని ఆమె వెనక వచ్చారు. వాళ్ళని చూసి ముసలి ఫియులోవా లేచాడు, వక్క ఉమ్మేసి, గొణుక్కుంటూ.

"తొక్కాను బజారు నేల. ఇంక దుంపలు కూడా నన్నే బేరమాడమంటారేమో."

"నీకు బేరం రాదులే తాతా, వేలు చాపు," అంది హిల్డా.

టార్పాలిన్ కింద చీకటి చేసుకుని, రోజీనా కొడుకుల చుక్కల మీద దీపం వెయ్యకముందే, బోటు దగ్గరున్న డెస్మండ్‌ని లోపలికి పిలిచింది. "రెండూ నల్లగా ఉంటాయి. ముందే చెప్తున్నా, తర్వాత అనుకోలేదనకు."

రెండూ నల్లగానే ఉన్నాయి. ముసలాయనది మెరిసింది. ఆ తర్వాత డెస్మండ్ బయటికి పోలేదు. చొక్కా చెమటకి తడిసి ఒంటికి అంటుకున్నా అక్కడే కూర్చుని చుక్కలు చూశాడు. మందు అయిపోయేసరికి ముప్ఫైమందిలో నల్లచుక్కలు ఏడు. అక్క కొడుకులిద్దరినీ తీసేసినా ఐదు. బయట ఇంకా మగాళ్ళు వరసలో ఉన్నారు. బజారులో నిలబడ్డ సిగ్గుకి కాళ్ళు మార్చుకుంటూ, వేళ్ళు చాపి.

"అయిపోయింది," అంది హిల్డా వాళ్ళతో. "మందు లేదు."

"పరువు తీసుకుని దిగాం కదమ్మా," అన్నాడు ఒకడు. వాడి గొంతులో వెటకారం లేదు. ఆమెకి అదే ఎక్కువ గుచ్చుకుంది.

డెస్మండ్ బయటికొచ్చి బోటు నడిపేవాడికి చెయ్యి అడ్డంగా ఊపాడు. "ఇవాళ వెళ్ళం."

"రేపు?"

"రేపటి సంగతి పైవాళ్ళు చెప్పాలి, హిల్డా. నేను ఇవాళొక్కటే ఆపగలను."

"అయితే ఫోను కలుపు. వాళ్ళతో నేను చెప్తాను."

రేవు చివర, ఒక కాలు నీళ్ళలో పెట్టి, చెప్పింది. వెనక అగస్టా, రోజీనా మాత్రల పెట్టెల మీదెక్కి కూర్చున్నారు, ఎవరూ మూత తియ్యకుండా. ఫోనులో అవతలివాడు కమిటీ అన్నాడు. నమూనా చిన్నది అన్నాడు. హిల్డా వాణ్ణి పూర్తి చెయ్యనివ్వలేదు.

"చిన్నదే. పెద్దది చెయ్యండి. పరీక్ష సామాను ఈ వారమే పంపండి, మగాళ్ళందరికీ సరిపడా. దిబ్బ దిబ్బకీ వచ్చి వాళ్ళ గుమ్మంలో వేలు పొడవండి, బజారులో కాదు. సముద్రం లెక్క సముద్రానికి, కొండ లెక్క కొండకి విడిగా రాయండి. ఆడవాళ్ళది వేరే, మగవాళ్ళది వేరే. ఆ రెండు శాతం కాగితం చింపెయ్యండి. సిరిల్‌కి ఎక్కించడానికి నెత్తురు ఈ సాయంత్రం బోటులో పంపండి. చుక్క మెరిసినవాడికే మాత్ర. అంతవరకు ఈ పెట్టెల మీంచి ఈ ఆడవాళ్ళు లేవరు. రాసుకున్నారా? మళ్ళీ చదివి వినిపించండి."