రెండు గుర్రాల బలం, ఒక గేదె లెక్క

నేను ఒక విమానం ఇంజన్ని. పెద్ద విమానాలది కాదు లెండి, సెలవు రోజున మనుషులు మైదానంలో నిలబడి రిమోట్‌తో ఎగరేసుకునే చిన్న విమానాలది. అరచేతిలో ఇమిడిపోతాను. తాగేది మిథనాల్, ఆముదం కలిపిన ఇంధనం. పిల్లలు ముఖం తిప్పుకునే ఆముదం నాకు అమృతం.

పుట్టింది సముద్రం అవతల ఒక ఫ్యాక్టరీలో. అక్కడ నాకు పెట్టిన పరీక్ష ఇప్పటికీ గుర్తుంది. పొగ బయటికి పోయేచోట ఉండాల్సిన సైలెన్సర్ తీసి పక్కన పెట్టారు. తేలికపాటి చిన్న ప్రొపెల్లర్ బిగించారు. మామూలు ఇంధనం కాకుండా ఏదో ఖరీదైన మందు కలిపింది పోశారు. ఇక చూసుకోండి, నా జన్మలో అంత వేగంగా తిరిగింది లేదు. ఆ ఒక్క క్షణాన్ని పట్టుకుని డబ్బా మీద ‘రెండు హార్స్‌పవర్’ అని బంగారు రంగులో అచ్చు వేశారు. అబద్ధమా అంటే కాదు. పెళ్లిచూపులకు పంపిన ఫొటో ఎంత నిజమో అదీ అంతే నిజం.

ఆ డబ్బాతోనే హనుమకొండ చేరాను. నన్ను కొన్నది వసుంధర అనే పశువుల డాక్టరు. వారమంతా గేదెలకు సూదులు వేసి, ఆదివారం రాగానే ఊరి శివారు మైదానంలో విమానాలవాళ్ల గుంపులో చేరిపోయే మనిషి. డబ్బా మీది రెండు గుర్రాలను నమ్ముకుని ఏడాదిపాటు విమానం కట్టింది. పొడుగాటి రెక్కలు, లోపల చెక్క సీట్లు, పైలట్ బొమ్మ, పూత మీద పూతగా ఎర్ర రంగు. అది లేవలేక కూలిందంటే ఏడాది కష్టం పుల్లలైపోతుంది. బరువు నాకు మించిందని దాని ముక్కుకు నన్ను బిగించిన రోజే తెలిసిపోయింది. చెబుదామంటే నాకు మాట రాదు, వచ్చేదల్లా రొదే.

తొలిసారి ఎగరేయడానికి మైదానానికి తీసుకెళ్లింది. ఆ గుంపులో అందరికన్నా పెద్దవాడు గఫార్, గడియారాల షాపాయన. విమానాన్ని రెండు చేతులతో ఎత్తి చూసి కనుబొమలు ముడిచాడు.

“డాక్టరమ్మా, ఏంది ఇంత బరువు కట్టినవ్? ఇంజన్ బలం కొలిచినవా?”

“కొలిచేదేమున్నది భాయ్? డబ్బా మీదనే ఉన్నది కదా. పేరున్న కంపెనీ, అబద్ధమెందుకు రాస్తరు?”

గఫార్ గడ్డం నిమురుకున్నాడు. “అట్లనా? మరి సంతల గేదె పొదుగు చూసి, ఎన్ని పాలిస్తదో చెప్తవా నువ్వు?”

వసుంధర విమానాన్ని అతని చేతుల్లోంచి తీసుకుని గడ్డి మీద దింపింది. సంతకు తోలేముందు ఒక పూట పాలు పిండకుండా ఆపుతారనీ, పొదుగు నిండుగా కనిపిస్తే మంచి ధర పలుకుతుందనీ ఆమెకు తెలియనిది కాదు. “పొదుగు చూసి మోసపోకుండ్రి, మీ ఇంటికాడ రెండు పూటలు పిండి చూసుకోండ్రి” అని రైతులకు చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టిన మనిషి. అలాంటిది తానే పొదుగు చూసి బేరం కుదుర్చుకుంది!

ఆ పూట విమానం ఎగరలేదు. వసుంధర కారులోంచి లేగదూడలను తూచే స్ప్రింగు కాటా తెచ్చింది. దాని ఒక కొసను నేలలో దిగ్గొట్టిన మేకుకు, రెండో కొసను విమానం తోకకు కట్టి, మామూలుగా వాడే సైలెన్సర్, ప్రొపెల్లర్, ఇంధనంతోనే నన్ను తిప్పింది. ప్రాణమంతా పెట్టి లాగాను. కాటా ముల్లు ఆమె అనుకున్న గీతకు సగం దూరంలోనే ఆగిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. రెండు గుర్రాలని రాసింది నేను కాదు తల్లీ అని అరిచాను. ఎప్పటిలాగే రొదే వచ్చింది.

ఇక నన్ను ఊడబీకి చెత్తబుట్టలో పడేస్తుందనుకున్నాను. ఆమె కాటా వైపు చూసి నవ్వేసింది.

“దీని తప్పేం లేదు భాయ్. ఇది ఇచ్చేది ఇస్తనే ఉన్నది. ఎక్కువ చెప్పినోళ్లది తప్పు, నమ్మిన నాది తప్పు.”

ఆ మాటకు నా కడుపు నిండిపోయింది.

తర్వాతి ఆదివారాలన్నీ విమానం ఒళ్లు తగ్గించడంతోనే సరిపోయాయి. సీట్లు పోయాయి. ముద్దుగా వేసుకున్న ఎర్ర రంగును గీకేస్తున్నప్పుడు ఆమె ముఖం చిన్నబోయింది. పైలట్‌కూ ఉద్యోగం ఊడింది, గఫార్ అతన్ని తన షాపు గల్లాపెట్టె మీద కూర్చోబెట్టుకున్నాడు. నాకు వెడల్పాటి ప్రొపెల్లర్ వచ్చింది. ఫ్యాక్టరీలోలా పరుగులు పెట్టనక్కర్లేదు, నిదానంగా తిరుగుతూ గట్టిగా లాగితే చాలు. నిజానికి నా ఒంటికి సరిపడేది అదే. మార్పు చేసినప్పుడల్లా మళ్లీ కాటా కట్టి చూసేది.

చివరికి ఒక ఉదయం గడ్డి మీద పరుగెత్తి, కంచె దాకా పోకముందే గాల్లోకి లేచాం. గఫార్ టోపీ తీసి ఊపాడు. వసుంధర మాత్రం మేం చక్కగా నేల మీదికి దిగాకే ఊపిరి తీసుకుంది. ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు ఎగిరామో లెక్కే లేదు.

ఇప్పుడు నా ఒళ్లు కాస్త అరిగింది. ఆ విమానం ముక్కున కొత్త ఇంజన్ ఉంది, దాన్ని బిగించేముందు కాటా కట్టారని వేరే చెప్పాలా! కొన్నాళ్లు నేను పశువుల ఆసుపత్రి అల్మారాలో సూదిమందుల పక్కన హాయిగా కూర్చున్నాను. మొన్న ఒక బ్యాంకు మేనేజరు వచ్చాడు, కొత్తగా విమానాల పిచ్చి పట్టినవాడు. నన్ను తనకిమ్మని అడిగి, డబ్బా తిప్పి చదివాడు.

“మేడం, నిజంగ రెండు హార్స్‌పవరేనా?”

వసుంధర డబ్బా తన దగ్గరే ఉంచుకుని, నన్నూ స్ప్రింగు కాటానూ ఆయన చేతిలో పెట్టింది.

“మీ ఇంటికాడ పిండి చూసుకోండ్రి సార్.”

ఆయనకు ఒక్క ముక్క అర్థమైనట్టు లేదు. నా మనసు మాత్రం ఎంత తేలికైందో! నా గురించి గొప్పలేమీ చెప్పకుండా నన్నొకరి చేతిలో పెట్టడం అదే మొదటిసారి.