శ్రీనిధి చెంప మీద వాన

కృష్ణానగర్‌లో ఓ ఇరుకు గదిలో మనోజ, శ్రీనిధి కలిసి ఉండేవాళ్ళు. ఇద్దరూ సినిమాల్లో జూనియర్ ఆర్టిస్టులే. ఉన్న ఒక్క అద్దం దగ్గర పొద్దున్నే తోపులాట. కింద ఇంటి ఓనరు రాజమ్మ మాత్రం శ్రీనిధి చెంప చూశాకే చాయ్ తాగేది.

"ఇయ్యాల గాడ వాన లేనట్టుంది బిడ్డా," అనేది.

గాడ అంటే శనిగ్రహం చుట్టూ తిరిగే పెద్ద చందమామ మీద. అక్కడ వాన పడితే ఇక్కడ శ్రీనిధి ఎడమ చెంప తడిసిన మట్టిలా నల్లబడేది. ఆరడానికి నెలలు పట్టేది. ఏం చేస్తాం, కొందరికి పుట్టుమచ్చలుంటాయి, ఈ పిల్లకి వాన.

ఆ ఏడు శ్రీనిధికి హీరో చెల్లెలి వేషం దొరికింది. మనోజకు కడుపు మండిపోయింది. తనకేం తక్కువట? ఏడుపు సీను తనకంటే బాగా ఎవరు చేస్తారట? పైకి కావలించుకుని, బాత్రూములో కుళాయి విప్పుకుని ఏడ్చింది. శనిగ్రహం ఏ మూలుంటుందో తెలియక, డాబా ఎక్కి నాలుగు దిక్కులకీ మొక్కింది.

"జర వాన పడనియ్యి సామీ."

పడింది. సరిగ్గా షూటింగు చివరికొచ్చాక. మేకప్ వేసే నాగేశ్వరి ఎంత పూసినా చెంప పీల్చేసుకుంది. తల్లి శవం మీద పడి చెల్లెలు ఏడ్చే సీను మిగిలిపోయింది. అప్పటిదాకా తీసిన షాట్లలో ఆ చెంప మీద మచ్చే లేదు. ఫిల్మ్‌నగర్ సెట్లో డైరెక్టరు తల పట్టుకున్నాడు.

"మనోజది నా పొడుగే సార్, వెనకనుంచి తీసుకోండి. నా వేషం మాత్రం తీసెయ్యకండి," అని శ్రీనిధే బతిమాలింది.

అలా మనోజ ఆమె లంగాఓణీ కట్టుకుని, కెమెరాకి వీపు పెట్టి ఏడ్చింది. కడుపులో ఉన్నదంతా కక్కేసింది. భుజాలు అదిరిపోతుంటే లైట్లవాళ్ళు కూడా ముక్కులు చీదారు. ఇక మొహం అక్కర్లేదు, ఇదే ఉంచుదాం అన్నాడు డైరెక్టరు.

సినిమా విడుదలయ్యేసరికి చెంప ఆరింది. ఇద్దరూ కలిసి చూశారు. మెడలో కంపెనీ ట్యాగులున్న మాదాపూర్ సాఫ్ట్‌వేర్ పిల్లలతో హాలు నిండిపోయింది. ఆ సీనుకి వాళ్ళు వెక్కివెక్కి ఏడ్చారు. లైట్లు వెలిగాక ఒకమ్మాయి శ్రీనిధిని గుర్తుపట్టి పరిగెత్తుకొచ్చింది.

"మీ వీపు కూడా ఎంత బాగా ఏడ్చిందండీ."

శ్రీనిధి మనోజ వైపు ఓసారి చూసి, "థాంక్సండీ," అంది.

ఆ వీపు నాదే అనబోయి ఆగింది మనోజ. వాన కోసం మొక్కింది తనే, ఇంకెవరితో చెప్పుకుంటుంది?

ఆ అమ్మాయి తన ఫోను మనోజ చేతిలో పెట్టింది. "అక్కా, మా ఇద్దరికీ ఒక ఫొటో తీస్తారా?"

మనోజ తీసుకుని రెండడుగులు వెనక్కి వేసింది.

"జర నవ్వు శ్రీనిధీ," అంది.