ఎవరూ రమ్మనని గురువారాలు

దిగువ బజారును వరద ముంచిన తర్వాత మూడో ఏడు అది.

మా రాజధాని అమ్మాన్‌లో చలి. రోట్లో కాఫీ గింజలు నలుగుతున్న చప్పుడు. యాలకుల వాసన.

అంతకుముందు రెండేళ్ళు ఆ వాసన మా ఆఫీసు నాలుగో అంతస్తులో, కాఫీ కాచే నాకొక్కడికే.

లోకమంతా పాకిన జబ్బు భయానికి అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఇళ్ళలోంచే పని చేశారు. నేను మాత్రం రోజూ వచ్చాను. ఖాళీ కుర్చీల దుమ్ము దులిపాను. ఒక్క కప్పు కాచుకుని కిటికీ దగ్గర నిలబడి తాగాను.

ఎదురుగా మేడలు. మేడల మీద నీళ్ళ ట్యాంకులు — తెల్లవి, నల్లవి… వరసలు వరసలు.

మా దేశంలో నీళ్ళు వారానికి ఒకసారి వస్తాయి. ఏ రోజో తెలుసు. ఏ గంటో తెలియదు.

ఆ గంట చెప్పడానికే మా ఆఫీసులో పనిచేసే రుదైనా ఒక యాప్ తయారుచేసింది.

ఇర్బిద్‌లో, తన ఇంటి మేడ మీద. బట్టలు ఆరేస్తుంటే పక్కింటావిడ ట్యాంకును పిడికిలితో కొట్టి చూస్తోందట — ఖాళీయా, నిండిందా అని. ఆ చప్పుడులోంచి పుట్టింది ఆలోచన. తర్వాత సల్త్‌లో ఒకడు కలిశాడు. మాదబాలో ఒకడు. కరక్‌లో ముంతసిర్. నాలుగు ఊళ్ళు, నాలుగు మేడలు. నీళ్ళు రాగానే ఎవరి మేడ మీంచి వాళ్ళు ఆ గంట రాసి పంపేవారు. యాప్ నేర్చుకునేది.

ఆ మూడో ఏడు చలికాలం నుంచి, గురువారం మాత్రం ఆఫీసుకు వచ్చేవారు.

ఎవరూ రమ్మనలేదు. వాళ్ళే వచ్చేవారు.

ఆ గురువారాలు…

కరక్ నుంచి ఎండు పెరుగు ఉండలు. మాదబా నుంచి గుడ్డలో చుట్టిన రొట్టెలు. కోట్లకు ఇంకా బస్సు చలి అంటుకునే ఉండేది. నా పొయ్యి గట్టు చుట్టూ నిలబడి అరుచుకునేవారు.

"మీ కరక్ నీళ్ళూ నీలాగే ముంతసిర్. వస్తానంటాయి, రావు."

"మీ ఇర్బిద్ నీళ్ళు మరీ గొప్ప. వస్తాయి, ఎవరికీ చెప్పవు."

కాఫీ కూజా ఖాళీ అయ్యేసరికి ఏదో ఒక చిక్కు విడిపోయేది. ఏ చిక్కో నాకు తెలిసేది కాదు. విడిపోయిందని మాత్రం ముఖాలు చూస్తే తెలిసేది.

చలికాలం చివర్లో కొత్త యజమాని వచ్చాడు. లువయ్. పాత యజమాని కొడుకు, లండన్‌లో పెరిగినవాడు.

చెడ్డవాడు కాడు.

"నాన్న కాలంలో ఈ అంతస్తంతా గోలగా ఉండేది అబూ గాజీ. ఆ గోల నాకు మళ్ళీ కావాలి. కొత్త ఆలోచన అందులోంచే వస్తుంది," అన్నాడు నాతో.

నాకూ కావాలి. రెండేళ్ళు నేను కోరుకున్నది అదే.

ఆదివారం నుంచి అందరూ, అయిదు రోజులూ, ఇక్కడే — అని గోడకు కాగితం అంటించాడు.

వచ్చారు.

తలుపు దగ్గరి యంత్రం మీద వేలు పెట్టి వచ్చారు. చెవులకు మూతలు పెట్టుకున్నారు. పక్క కుర్చీలో ఉన్నవాడితో కూడా తెర మీదే మాట్లాడారు. రానూ పోనూ గంటల కొద్దీ బస్సు. గట్టు దగ్గర నిలబడే ఓపిక ఎవరికీ లేదు. పోసిన కాఫీ పోసినట్టే చల్లారింది.

గోల రాలేదు.

అక్కడ ఊళ్ళలో మేడల మీద నీళ్ళ గంట రాసేవాళ్ళెవరూ లేరు. ఇర్బిద్‌కు నీళ్ళు మంగళవారం పొద్దున వచ్చి పోయాయి. యాప్ సాయంత్రం అంది. మోటార్లు వేసుకోక వీధి వీధంతా ట్యాంకులు ఎండాయి.

రుదైనాకు అత్తగారు ఫోను చేసింది. ఆ గొంతు అందరికీ వినబడింది.

"నీ యంత్రం కన్నా నా మోకాలు నయం తల్లీ. అది వాన సంగతైనా ముందే చెబుతుంది."

ఎవరూ నవ్వలేదు.

నెల తిరిగేసరికి వాడేవాళ్ళలో సగం మంది ఆ యాప్‌ను ఫోన్లలోంచి తీసేశారు. ఇంకో నెల ఇలాగే ఉంటే మూసెయ్యడమే, అన్నాడు ముంతసిర్.

ఆ గురువారం నలుగురూ లువయ్ గదిలోకి వెళ్ళారు. నేను కాఫీ పోశాను.

రుదైనా కప్పు అందుకుంది. తాగలేదు. ఎదుట బల్ల మీద పెట్టింది. ముంతసిర్ పెట్టాడు. తక్కిన ఇద్దరూ పెట్టారు.

మా వైపు, అడగడానికి వచ్చినవాడు తాగడు. ఇంటివాడు "తాగండి, మీరొచ్చిన పని అయింది" అనాలి. అప్పుడే కప్పు ఎత్తడం. పెళ్ళిళ్ళు అలా కుదిరాయి. పాత పగలు అలా చల్లారాయి.

నాలుగు కప్పులు. నాలుగు ఆవిర్లు.

లువయ్ చూశాడు.

"కాఫీ మానేశారా? మంచిదే, గుండెకు మంచిది. అబూ గాజీ, ఇవి తీసేసి టీ పట్టుకురండి."

రుదైనా నా వైపు చూసింది.

ఒక్క మాట చాలు. వీళ్ళు మళ్ళీ ఇళ్ళనుంచి పని చేసుకోనిమ్మని అడుగుతున్నారు బాబూ — అని. నోటిదాకా వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ గదిలో నేను పోశాను, తీశాను… మాట్లాడలేదు.

ఆ రోజూ మాట్లాడలేదు.

నాలుగు కప్పులూ ట్రేలో పెట్టుకుని వచ్చి తొట్టిలో పారబోశాను.

వెళ్ళేటప్పుడు రుదైనా గట్టు దగ్గర ఆగింది.

"నువ్వేం చేస్తావులే బాబాయ్. ఆదివారం నుంచి మేం రాం. నలుగురం మానేస్తున్నాం."

మర్నాడు శుక్రవారం. సెలవు.

ఇస్త్రీ తలగుడ్డ కట్టుకున్నాను. రెండు బస్సులు మారి లువయ్ ఇంటికి వెళ్ళాను. ఆ గడప అంతకుముందెప్పుడూ తొక్కలేదు. తనే తలుపు తీశాడు. కంగారుపడ్డాడు. కూర్చోబెట్టి, తనే కాచి తెచ్చాడు. యాలకులు ఎక్కువ వేశాడు.

"తాగండి అబూ గాజీ. ఏమైంది?"

కప్పు అందుకున్నాను. వేళ్ళకు వేడి.

బల్ల మీద పెట్టాను.

అతను కప్పు వైపు చూశాడు. నా ముఖం వైపు చూశాడు. నిన్నటి నాలుగు కప్పులు గుర్తొచ్చినట్టు మళ్ళీ కప్పు వైపు…

గది నిండా యాలకుల వాసన.