సరిగ్గా కూచున్న మెమొరీ

"కొత్తిమీర వాసనమ్మా కోడలి చేతికీ, పాల వాసనమ్మా పసిబిడ్డ నోటికీ…"

ఆ పైన ఏముందో ఆనందమ్మకు గుర్తురాలేదు. చిన్నప్పుడు శెనక్కాయలు పెరుకుతా పాడిన పాట. పోనీలెమ్మని బియ్యం చేట పక్కనబెట్టి, మనవడు శుభాకర్‌తో జమ్మలమడుగులో ప్రొద్దుటూరు బస్సెక్కింది.

వాడి ఒళ్లో పాత ల్యాప్‌టాప్. హైదరాబాదు కంపెనీ ఒకటి ఇంటికాడ్నుంచే బొమ్మలు గీసే పని ఇస్తామనింది. ఎనిమిది జీబీ మెమొరీ ఉండాలంట, సోమవారం లోపల. ఆ పని దొరికితే వాడు పార్టీ ఆఫీసులో కరపత్రాలు కొట్టే పని మానేయొచ్చు. ఆనందమ్మ ప్రార్థనంతా దానికోసమే.

వాడి జేబులో ఒక మెమొరీ ముక్క ఉంది. పార్టీ పెద్దాయన ఇచ్చింది. ముందు సీటామె కొంగు ముక్కుకడ్డం పెట్టుకుని, "పెద్దాయప్ప సామానా?" అని కిటికీ తీసింది.

ఆయన చేతిమీదుగా వచ్చిందేదైనా చచ్చిన ఎలక కంపు కొడుతుంది. ఇద్దర్ని నరికించిన ఏడాది నుంచీ అంతే. ఎలక్షన్లప్పుడు పంచిన మిక్సీలకు జనం కర్పూరం కట్టుకుంటారు, చీరల్ని వేపాకులో మూడు రోజులు మూటగడతారు, ఆమీట వాడుకుంటారు. ఆ వాడుకోవడమే ఆనందమ్మకు గిట్టదు.

ప్రొద్దుటూరులో కంప్యూటర్లు బాగుచేసే ఇనాయతుల్లా తన అంగడిలో ముక్కుకు రుమాలు కట్టుకుని ల్యాప్‌టాప్ మరలు విప్పినాడు.

"ఇది కూచోదప్పా. గాటు చూడు, పక్కకుండాది. మీ మిషన్‌కు డీడీఆర్ త్రీ రకం కావాల, అదీ తక్కువ కరెంటుది. ఇది ఫోర్."

"ఎనిమిదంటే ఎనిమిదే గదా మామా?"

"ఎనిమిదో నంబరు ఎడమ చెప్పు తెచ్చి కుడికాలికి తొడుగుతావా?"

ఆనందమ్మకు నవ్వొచ్చింది.

"సరైంది తెప్పిస్తా. బుధవారం వస్తాది," అన్నాడు ఇనాయతుల్లా.

"కంపెనీని రెండు దినాలు గడువు అడగరాదా నాయనా?" అనింది ఆనందమ్మ. వాడు అడగలేదు. సిగ్గంట.

ఇంటికొచ్చేసరికి వాకిట్లో ఓబయ్య, పెద్దాయన మనిషి.

"ఏంది శుభాకరా, ఆ అంగడికా పోయినావు? అవతల పార్టోళ్లు కూచునే చోటప్పా అది! ఏది పడతాదో చెప్పు."

సాయంత్రానికి ఆఫీసు ల్యాప్‌టాప్‌లోంచి పెరికి తెచ్చినాడు. త్రీ. తక్కువ కరెంటుది.

"ఊరికేనా?" అనడిగింది ఆనందమ్మ.

"ఊరికేనవ్వా," అన్నాడు ఓబయ్య. " పులివెందుల తట్టు రెండూర్ల ఓటర్లుండారు. బతికుండేటోళ్లు చచ్చినారని, ఓట్లు తీసేయమని శుభాకరు అర్జీలు కొట్టాల, అంతే."

ఆనందమ్మ, "వద్దు నాయనా, బుధవారం దాకా ఆగు," అని మనవడి గడ్డం పట్టుకుంది.

"కర్పూరం ముట్టించవ్వా," అని శుభాకర్ ముక్కను నొక్కినాడు. టక్కుమని కూచుంది. మిషన్ గుర్రం మాదిరి పరిగెత్తింది.

మరుసటి దినం వాని భుజం మీదుగా తొంగి చూసింది. అరవై ఏళ్లకు నేర్చిన అక్షరాలు. వేలు పెట్టి ఒక్కొక్కటే కూడబలుక్కుంది. పేరు, చిన్నసుబ్బమ్మ. కారణం, మరణం. కింద ఇంకో పేరు. కారణం, మరణం. వేలు వెనక్కి తీసుకుని కొంగుకు తుడుచుకుంది.

సోమవారం కంపెనీ ఫోను మోగుతాంటే వాకిట్లో జీపు హారను కొట్టింది. ఇంకా మూడూర్ల పేర్లుండాయంట. శుభాకర్ ఫోనెత్తలేదు. గబగబా సంగటి తిని లేచినాడు. ఇప్పుడు వాడు ముట్టిన తట్ట కూడా కంపే. ఆనందమ్మ కొంగు ముక్కుకు నొక్కుకుని, సబ్బూ వేపాకూ అందించింది.

"చేతులన్నా కడుక్కోని పో నాయనా, కంపు."

వాడు రెండు చేతులూ ముక్కు దగ్గర పెట్టుకుని, నిదానంగా, నిజంగానే వాసన చూసినాడు.

"నాకేం రావడంల్యా అవ్వా."